పన్నుది కాని నొప్పి

ఆ మంగళవారం పరదాలక్క పన్ను పీకించుకుందామనే బయల్దేరింది. పీకించుకున్నాక రెండు రోజులు నోరు తిరగదని ముందుచూపుతో, కటింగు మాస్టరుకి చెప్పాల్సినవన్నీ పొద్దున్నే ఏకరువు పెట్టేసింది. ఎర్ర మఖమలు నూగు కిందికే వాలి ఉండాలి, అంచు మడత జానెడు తగ్గకూడదు, అడుగున బరువు కోసం వేసే గొలుసు బయటికి కనిపించకూడదు. నాటకాలాడే హాళ్ళకీ, బడుల్లో సభలు జరిగే హాళ్ళకీ వేదిక మీద వేలాడే పరదాలు కుట్టడం ఆమె పని. యాభై నాలుగేళ్ల మనిషి, ఇరవై ఆరేళ్లుగా అదే వృత్తి. అసలు పేరు కాగితాల మీద మిగిలిపోయింది. వీధిలోనూ, పనిచోటా, ఆఖరికి తోడికోడళ్ల నోటా కూడా ఆమె పరదాలక్కే.

నొప్పి మొదలై మూడు నెలలయింది. ఎడమ దవడ కింద పట్టుకుని, కింది పళ్ల వరసంతా ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు ఉండేది. కాసేపుండి దానంతటదే పోయేది. ఉప్పునీళ్లు పుక్కిలించింది, లవంగం నొక్కి పెట్టింది, ఎడమవైపు నమలడం మానేసింది. ఏం చేసినా నొప్పి దాని పని అది చేసుకుపోతూనే ఉంది. వచ్చే నెలలో కొత్త నాటకశాలకి పెద్ద పరదా అప్పజెప్పాలి. ఈలోగా ఈ పీడ వదిలించుకోవాలని నిశ్చయించుకుంది.

పళ్ల డాక్టరు సన్నగా పొడుగ్గా, తొందరన్నది తెలియనట్టుండే మనిషి. కుర్చీలో వెనక్కి వాల్చి నోట్లోకి దీపం తిప్పాడు.

"ఏ పన్నమ్మా?"

"వెనకనుంచి రెండోది. కాదు, మూడోదేమో. ఏదైతేనేం, అటువైపుది ఏదో ఒకటి తీసెయ్యండి."

ఆయన నవ్వలేదు. ఒక్కో పన్నునీ చిన్న కడ్డీతో తట్టి చూశాడు. చల్లనీళ్లు చిమ్మాడు. ఎక్స్‌రే ఫిల్ము తీసి వెలుగుకెదురుగా పెట్టి చూశాడు.

"పళ్లు నిక్షేపంలా ఉన్నాయమ్మా. చిగుళ్లూ బాగున్నాయి."

"నిక్షేపంలా ఉంటే నొప్పెందుకు పుడుతుందండీ?"

"అదే నేనూ అడుగుతున్నా. తింటుంటే వస్తుందా?"

"రాదు."

"చల్లటివి, వేడివి తాగితే?"

"రాదు. పనికి వెళ్లేటప్పుడు వస్తుంది."

"పనిలో పళ్లతో ఏమైనా కొరుకుతారా? దారం లాంటిది?"

"దారం కొరికే అలవాటు నాకు లేదు. నా దగ్గర ఎవరైనా కొరికితే చేతి మీద ఒకటిస్తాను. పనిలో రాదంటున్నానుగా, వెళ్లేటప్పుడు వస్తుంది. మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

పళ్ల డాక్టరు చేతిలోని అద్దాన్ని పళ్లెంలో పెట్టేశాడు. తొడుగులు తీసేసి, "ఒకసారి నాతో పైకి వస్తారా?" అన్నాడు.

"పైన ఏముంది?"

"ఏమీ లేదు, డాబా. మెట్లెక్కి చూద్దాం."

ఈయనకి మతి చలించిందేమో అనుకుంది పరదాలక్క. అయినా డాక్టరు లేచి తలుపు తీసి నిలబడ్డాక కాదనడం ఏం బాగుంటుందని వెనకే నడిచింది. ఆస్పత్రి ఉన్నది మొదటి అంతస్తులో. రెండో అంతస్తు దాకా మామూలుగానే ఎక్కింది. మూడో అంతస్తు మలుపులో ఆమె చెయ్యి కమ్మీని పట్టుకుంది, రెండో చెయ్యి దవడ మీదికి పోయింది.

"వచ్చింది! ఇదిగో, ఇప్పుడు వచ్చింది. పదండి, ఇప్పుడు పీకండి!"

"కూర్చోండమ్మా ముందు. అక్కడే, ఆ మెట్టు మీదే."

తనూ రెండు మెట్ల కింద కూర్చుని చేతిగడియారం చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. రెండున్నర నిమిషాలకి ఆమె దవడ మీదినుంచి చెయ్యి తీసింది.

"పోయిందా?"

"పోయింది."

"పన్నుకి మీరు మెట్లెక్కేదీ కూర్చునేదీ తెలీదమ్మా. తెలిసేది గుండెకి."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. పన్ను కోసం వస్తే గుండె అంటగడతాడా ఈయన? "గుండెజబ్బు మా ఆయనకండీ, నాకు కాదు," అంది. ఇంటికొకటే ఇస్తారన్నట్టు, తమ వాటా అప్పుడే ముట్టిపోయినట్టు. పళ్ల డాక్టరు వాదించలేదు. కిందికి దిగి ఉత్తరం రాసిచ్చాడు. ఇవాళే గుండె డాక్టరుకి చూపించమన్నాడు. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, పది నిమిషాలకి తగ్గకపోయినా ఇంకేమీ ఆలోచించకుండా పెద్దాసుపత్రికి పొమ్మని రెండుసార్లు చెప్పాడు. పంపేటప్పుడు మెట్ల దగ్గరి దాకా వచ్చి, "మెల్లగా దిగండి," అన్నాడు.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంట్లో గుండెజబ్బు మనిషి అంటే భర్తే. ఆయన బస్సు డ్రైవరు. ఆరేళ్ల కిందట నిండు బస్సు నడుపుతుండగా గుండె పట్టేసింది. బండి పక్కకి తీసి, బ్రేకు వేసి, తలుపులు తెరిచి, ఆ తర్వాతే స్టీరింగు మీద వాలిపోయాడు. రక్తనాళాల్లో రెండు స్ప్రింగులు వేశారు. అప్పటినుంచి డిపోలో బండ్ల వేళలు రాసుకునే పని ఇచ్చారు. ఇంట్లో ఉప్పు తగ్గింది, నూనె తగ్గింది, గొంతులు తగ్గాయి. మాత్రల డబ్బా నింపేది పరదాలక్క. పరీక్షల తేదీలు గుర్తుంచుకునేది ఆమె. ఆయనకి ఆవేశం తెప్పించే కబుర్లన్నీ గడప దగ్గరే ఆపేసేది కూడా ఆమే.

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు.

"ఇవాళే వెళ్లమన్నాడుగా?"

"ఇవాళ కుదరదండీ. మఖమలు కత్తిరించి పెట్టుంది. ఎల్లుండి చూద్దాం."

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

"నన్ను తీసుకెళ్లిన రోజు ఎల్లుండి చూద్దామన్నావా నువ్వు? పద."

గుండె డాక్టరు నలభై దాటని ఆవిడ. పొట్టి జుట్టు, గట్టి గొంతు. ముందు ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీయించింది. రక్తం తీయించింది. గుండె కొట్టుకునే తీరు తెరమీద చూసింది. అన్నీ బాగానే ఉన్నాయంది. పరదాలక్క భర్తవైపు విజయగర్వంతో చూసింది.

"చూశారా? నేను చెప్తూనే ఉన్నా."

"కూర్చున్నప్పుడు తీసిన గీత కూర్చున్నప్పటి సంగతే చెప్తుందమ్మా," అంది డాక్టరు. "గుండెకి రక్తం ఇచ్చే నాళాలు ఇరుకైనా, మీరు ఊరికే ఉన్నంతసేపూ సరిపెట్టుకుంటాయి. మెట్లెక్కితే గుండెకి ఎక్కువ కావాలి. చాలక అది కేకేస్తుంది. కొందరికి ఆ కేక ఛాతీలో వినిపిస్తుంది. మీకు దవడలో వినిపిస్తోందేమో. ఆడవాళ్లలో ఇలాంటివి చూస్తూనే ఉంటాం. మీ అమ్మగారు ఉన్నారా?"

"లేదండీ. యాభై ఏడుకే పోయింది. కడుపులో గాలి పట్టేసిందన్నారు."

డాక్టరు అది రాసుకుంది. "మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం ఎప్పటినుంచి?"

"నేనాగనండీ. ఈయన కోసం ఆగుతాను. మేముండేది రెండో అంతస్తు. ఆయాసపడతారని మలుపు మలుపుకీ నిలబెడతాను."

భర్త ఆమెవైపు తిరిగాడు.

"నా కోసమా?"

"మరెవరి కోసం?"

"నాకు ఆయాసం రావడం మానేసి రెండేళ్లయిందే. డిపోలో రోజుకి పదిసార్లు మెట్లెక్కి దిగుతా, ఎక్కడా ఆగను. నువ్వు ఆగుతున్నావని నేను ఆగుతున్నా. పాపం, నా మీద బెంగ దీనికింకా పోలేదు కాబోలు, నిలబడితే పోయేదేముందని..."

పరదాలక్క ఒడిలోని సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. మలుపు దగ్గర కమ్మీని పట్టుకుని, 'కాసేపు ఆగండి, తొందరేముంది' అంటూ నిలబడ్డ సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. ఆ మాట అంటున్నప్పుడు తన మటుకు తను నిజమే అంటున్నాననుకుంది. మొగుడి మీద ప్రేమతోనే ఆగాననుకుంది. ఆగింది తన కోసమని తనకే తెలియలేదు.

"ఎన్నాళ్లయి ఉంటుంది?" అని డాక్టరు మళ్లీ అడిగితే భర్తే జవాబు చెప్పాడు. "ఏడాది పైనే."

మర్నాడు పొద్దున్న నడక పరీక్ష. కదిలే పట్టీ మీద నడిపిస్తూ ఈసీజీ తీస్తారు. మొదటి మూడు నిమిషాలూ పరదాలక్క, 'ఇంతేనా?' అన్నట్టు నడిచింది. పట్టీ వాలు పెరిగింది, వేగం పెరిగింది. అయిదో నిమిషంలో దవడ పట్టుకుంది. అదే సమయంలో తెరమీది గీతలు కిందికి కుంగాయి, పైకి పోవాల్సిన రక్తపోటు పడిపోయింది. డాక్టరు చటుక్కున పట్టీ ఆపించి మంచం మీద పడుకోబెట్టి, నాలుక కింద చిన్న మాత్ర పెట్టింది. నిమిషం తిరిగేసరికి దవడ వదిలింది. ఆ మాత్ర వాసన పరదాలక్క ఎరుగును. ఆరేళ్లుగా ఆయన జేబులో అవి ఉన్నాయో లేదో రోజూ తడిమి చూసేది తనే.

ఆ రోజునుంచి మందులు మొదలయ్యాయి. రక్తం పలచబడేందుకొకటి, కొవ్వు తగ్గేందుకొకటి, గుండె వేగం తగ్గేందుకొకటి. రక్తపరీక్షలో షుగరు కూడా బయటపడింది. "గుండె కోసం వస్తే షుగరు కొసరిచ్చారు," అంది పరదాలక్క. ఎవరూ నవ్వలేదు. రెండు రోజులకి మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి యాంజియోగ్రామ్ తీశారు. ఆమె మెలకువగానే ఉంది. తెరమీద తన నాళాలు నల్లగా, చెట్టుకొమ్మల్లా మెరిసి మాయమయ్యాయి. ఒకచోట కొమ్మ మొదట్లోనే దారమంత సన్నబడింది. డాక్టరు చెప్పకముందే ఆమెకది కనిపించింది. కొలతలు తప్పితే పట్టుకునే కళ్లు అవి.

భర్త, కూతురు, తనూ డాక్టరు ముందు కూర్చున్నారు. కూతురికి ఇరవై తొమ్మిది, నీటి పరీక్షల ప్రయోగశాలలో పని. అన్నీ రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకుంది.

"నాకేసినట్టే స్ప్రింగులు వేసెయ్యండి డాక్టరుగారూ," అన్నాడు భర్త. "రెండో రోజుకి ఇంటికొచ్చేశాను నేను."

"మీకున్నవి రెండు చోట్ల, విడివిడిగా. ఈవిడకి ఎడమవైపు మొదలు దగ్గరే ఇరుకుంది. గుండెకి ఎక్కువ రక్తం పోయేది అటే. అదిగాక మూడు నాళాల్లోనూ పొడుగునా పూడిక. పైగా షుగరు. ఇలాంటి వాళ్లకి ఆపరేషనే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఛాతీ లోపలి నాళమొకటి, కాల్లోంచి ఒకటి రెండు తీసి, ఇరుకు దాటేలా కొత్త దారి కుడతారు."

కూతురు కలం ఆగిపోయింది. భర్త తల దించుకున్నాడు. పరదాలక్క మాత్రం తెరమీది బొమ్మనే చూస్తోంది.

"గుడ్డకి ఒకచోట చిరుగుంటే మాసిక వేస్తాం," అంది కూతురితో. "నేతంతా పలచబడితే మాసిక నిలవదు. వేరే పట్టీ తెచ్చి కుట్టాల్సిందే. ఆవిడ చెప్పేది అదే." తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "కుట్టేవాళ్లు బాగా కుడతారా?"

"బాగా కుడతారు. అయినా ఇది చిన్న ఆపరేషను కాదు. నూటికి ఒకరిద్దరికి ప్రమాదం జరగొచ్చు. దాచను."

"పరదా అప్పజెప్పాక చేయించుకోవచ్చా? మూడు వారాలు."

"మూడు రోజులు కూడా ఆగమనను."

ఆమెని ఆస్పత్రిలోనే ఉంచేశారు. కటింగు మాస్టరు ఆ సాయంత్రమే వచ్చాడు. ఆమెకంటే పదేళ్లు పెద్ద, ఇరవై ఏళ్లుగా ఆమె కోపాలన్నీ భరించినవాడు. ఆమె మంచం మీద కూర్చుని మళ్లీ నూగు సంగతి, మడత సంగతి, గొలుసు సంగతి చెప్పుకొస్తుంటే ఓపిగ్గా విన్నాడు. చివర్లో, "అక్కా, ఆ పరదా నువ్వు లేకపోయినా వేలాడుతుంది. నువ్వు లేకపోతే మాకు తిట్లెవరు తిడతారు? ముందు నీ సంగతి చూసుకో," అన్నాడు. వయసులో పెద్దవాడైనా ఆయనకీ ఆమె అక్కే. ఆయన వెళ్లాక గోడవైపు తిరిగి పడుకుంది. ఏడిచిందో లేదో కూతురికి తెలియలేదు.

ఆపరేషను రోజు పొద్దున్నే, నర్సు వచ్చే లోపు, ఆమె కూతుర్ని దగ్గరికి పిలిచింది.

"మీ అమ్మమ్మకి పోయేముందు దవడకి గుడ్డ కట్టుకునే అలవాటుండేది. బట్టలుతికేటప్పుడు, నీళ్లు మోసేటప్పుడు కట్టుకునేది. పన్నునొప్పి అనేది. నిన్నంతా పడుకుని చూస్తుంటే ఆ గుడ్డ గుర్తొచ్చింది. ఆకుపచ్చ గుడ్డ. ముడి కూడా నేనే వేసేదాన్ని."

కూతురు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకూ పన్నే నొప్పెట్టాలని లేదు. నీది ఇంకెక్కడ కేకేస్తుందో. నువ్వూ పరీక్ష చేయించుకో. ఊఁ అను."

"ఊఁ."

"గట్టిగా అను."

"చేయించుకుంటానమ్మా."

ఆపరేషను అయిదు గంటలు పట్టింది. భర్త వరండాలో బల్ల మీద కూర్చోలేక, నడవలేక, మందులకొట్టు అద్దంలో తన మొహం చూసుకుంటూ గడిపాడు. ఆరేళ్ల కిందట ఇదే బల్ల మీద ఆవిడ ఎలా కూర్చుని ఉంటుందో ఆయనకి అంతవరకూ తట్టలేదు. అప్పుడాయన లోపల ఉన్నాడు. లోపలుండటమే సులువని కూతురితో అన్నాడు.

నాలుగు కొత్త దారులు కుట్టారు. కుట్టేంతసేపూ ఆపి ఉంచిన గుండె మళ్లీ తనంతట తను కొట్టుకుంది. మర్నాడు గొంతులో గొట్టం తీశాక పరదాలక్క అడిగింది మంచినీళ్లు. రెండో రోజు కుర్చీలో కూర్చోబెట్టారు. మూడో రోజు నడిపించారు. దిండు ఛాతీకి హత్తుకుని దగ్గమన్నారు. దగ్గిన ప్రతిసారీ రొమ్ము ఎముక రెండుగా విడిపోతున్నట్టు ఉండేది. నర్సు ఎంత బతిమాలినా దగ్గనని మొండికేస్తే, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని ఆపరేషను చేసిన సర్జను వచ్చి గట్టిగా కసురుకున్నాడు. ఆమె దగ్గింది. ఆయన అటు తిరగ్గానే ఆయనకి వినబడేలాగే తిట్టింది. అయిదో రోజు కట్టు మార్చేటప్పుడు అద్దం అడిగి గాటు చూసుకుంది.

"పైన బాగా కుట్టారు. కింద రెండంగుళాలు కాస్త వంకర పోయింది," అంది.

"కింద కుట్టింది నా శిష్యుడు," అన్నాడు సర్జను. "చెప్తాను."

ఇంటికొచ్చాక మొదటి నెల ఇంట్లో ఇద్దరికీ కష్టమే. రెండు కిలోలకు మించి ఎత్తకూడదు, చేతులు తలపైకి లేపకూడదు, బోర్లా పడుకోకూడదు. ఆమెకు చేయించుకోవడం తెలియదు, ఆయనకి చేసిపెట్టడం తెలియదు. ఆయన వండిన కూరలో ఉప్పు ఎక్కువైందని ఆమె, చప్పగా ఉందని కూతురు. మాత్రలు వేసుకున్నావా అని గంటగంటకీ అడుగుతాడు. ఒకరోజు ఆమెకు తిక్క రేగింది.

"నేను మిమ్మల్ని ఇలాగే వేపుకుతిన్నానా ఆరేళ్లు?"

"ఇంతకంటే ఎక్కువే."

"మరి ఒక్కసారీ అనలేదే?"

"బాగానే ఉండేది," అన్నాడాయన. "అందుకే కాబోలు, నీ మొహం చూడ్డం మర్చిపోయాను," అన్నాడు.

ఆమె మాత్ర అడిగి వేసుకుంది.

కూతురు మాట నిలబెట్టుకుంది. రక్తంలో కొవ్వు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ ఉంది. రోజూ పొద్దున్నే పరిగెత్తే పిల్ల కావడంతో ముందు నమ్మలేదు, ప్రయోగశాలలో తేడా వచ్చిందేమోనని మరోచోట చేయించుకుంది. అక్కడా అంతే. కుటుంబంలో దిగివస్తోందని డాక్టరు మందు మొదలుపెట్టింది.

ఎనిమిదో వారంనుంచి వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో నడకకి వెళ్లేది పరదాలక్క. ఆపరేషన్లయినవాళ్లంతా ఒక గదిలో చేరి, నాడి చూసుకుంటూ నడుస్తారు. అక్కడున్నవాళ్లలో ఆడవాళ్లు నలుగురే. నలుగురికీ ఒకటే బాధ. లోపలి బట్టల కుట్టు సరిగ్గా గాటు మీదే రాసుకుంటుంది, వెనక గుండీలు పెట్టుకుందామంటే చేతులు వెనక్కి పోవు. మగవాళ్లకి ఈ గొడవ లేదు గనక ఎవరూ పట్టించుకోలేదు. పరదాలక్క తన కోసం లోపలి జాకెట్టు ఒకటి కుట్టుకుంది. మెత్తటి నూలు గుడ్డ, గుండీలు ముందుకి, అవీ మధ్యలో కాకుండా ఓ పక్కకి, కుట్లన్నీ బయటివైపుకే. తర్వాతి వారం మిగతా ముగ్గురికీ కుట్టింది. గుండె డాక్టరు ఒకటి అడిగి తీసుకుని వార్డులో చూపించింది.

అలా ఒక మధ్యాహ్నం ఒకావిడ ఇంటికొచ్చింది. బడి పంతులమ్మ, నలభై ఎనిమిదేళ్లట. నాలుగు రోజుల్లో ఆపరేషను. పరదాలక్క టేపు తీసుకుని కొలతలు తీస్తుంటే పంతులమ్మ కదలకుండా నిలబడింది. టేపు ఛాతీ దగ్గరికి రాగానే అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. బాగా నొప్పెడుతుందా?"

"నొప్పెడుతుంది," అంది పరదాలక్క అంకె రాసుకుంటూ. "దగ్గితే నొప్పి. తుమ్మితే ప్రాణం పోయినంత పనవుతుంది. నవ్వొచ్చినా నొప్పే. మా ఆయన్ని మూడు వారాలు జోకులెయ్యొద్దన్నాను. కాల్లో నాళం తీసినచోట వాపొస్తుంది, అది పోవడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. కారణం లేకుండా ఏడుపొస్తుంది, అదీ పోతుంది."

"భయమేసిందా?"

"వెయ్యకేం. చెయ్యెత్తు, కొంచెం చాలు."

పంతులమ్మ చెయ్యెత్తింది.

"నీకు ఎక్కడొచ్చేది నొప్పి?"

"నొప్పి కాదక్కా. రెండు భుజాల మధ్య, వీపులో బరువు. నల్లబల్ల మీద రాసి రాసి అనుకున్నా. ఏడాదిపాటు నూనె రాయించుకున్నా."

"సరే," అంది పరదాలక్క. టేపు చుట్టి మెళ్లో వేసుకుని, మూటలోంచి రెండు రకాల గుడ్డ తీసి పంతులమ్మ చేతిలో పెట్టింది. "ఏది మెత్తగా ఉందో నువ్వే చూసి చెప్పు. ఎల్లుండికి ఇస్తాను."